ఉలవల మీద బ్రేకు

నాకు బండి నేర్పింది మా మావయ్య. 2006 దసరా సెలవుల్లో, రాజాం దగ్గర మా ఊరి చెరువుగట్టు మీద. నేర్పటం అంటే ఆయన లెక్కలో వెనకాల కూర్చుని "క్లచ్ వదులు, మెల్లగా, మెల్లగా వదలరా" అని అరవటం. మూడో రోజుకి ఆయన దిగిపోయి, ఒక్కడినే ఓ రౌండు కొట్టి రమ్మన్నాడు. ఫస్ట్ గేరు పడింది, సెకండ్ గేరు పడింది, బండి నా మాట వింటోందని కాస్త పొగరు కూడా వచ్చింది. గట్టు చివర వేపచెట్టు దగ్గర మలుపు ఉంది. అక్కడ ఏం చెయ్యాలో మావయ్య చెప్పలేదు, నేనూ అడగలేదు. చెట్టుకి తగలకూడదు, తగలకూడదు అనుకుంటూ చెట్టునే చూస్తూ వెళ్ళి, ఆఖరి క్షణంలో హ్యాండిల్ తిప్పేసి బండితో సహా చెరువులోకి దిగిపోయాను.

మా వైపు వాళ్ళకి ఇక్కడే నవ్వొస్తుంది. దసరా రోజులంటే చెరువుల్లో గోగు ఊరేసే రోజులు. నార తీయటానికి కట్టలకి కట్టలు నీళ్ళలో కుళ్ళబెడతారు. ఆ వాసన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. రెండుసార్లు తలంటినా పోలేదు. మూడు రాత్రులు అమ్మ నన్ను వీధరుగు మీదే పడుకోబెట్టింది. ఊరిన గోగు మెత్తగా ఉండబట్టి ఒంటికి దెబ్బ మాత్రం తగల్లేదు. మావయ్య బండిని పైకి లాగి, సైలెన్సర్‌లో నీళ్ళు వంపి, ప్లగ్గు విప్పి పంచె కొసతో తుడిచి, పది కిక్కులు కొట్టి స్టార్ట్ చేశాడు. తిట్టలేదు. "బండన్నాక పడాల్రా. పడితేనే వస్తాది" అన్నాడు.

ఆ మాటని నేను పన్నెండేళ్ళు నమ్మాను. పడటానికీ రావటానికీ మధ్యలో ఇంకేదో ఉండాలని తోచలేదు.

లైసెన్సు పరీక్షలో ఎనిమిది వేయమన్నారు. కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె చుట్టూ తిరిగి వచ్చాను, పాసయ్యాను. నడిచేవాడి వేగంలో బండి తిప్పగలనని ప్రభుత్వం ఒప్పుకుంది. యాభైలో వెళ్తున్న బండిని ఆపగలవా అని ఎవరూ అడగలేదు. తర్వాత ఏపీ 30 నంబరున్న స్ప్లెండర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి మాది శ్రీకాకుళం జిల్లా, 30 దాని కోడే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మమ్మల్ని విజయనగరంలో కలిపారు. నేను కదల్లేదు, జిల్లా కదిలింది. బండి మీద మాత్రం ఆ 30 అలాగే ఉంది.

మధ్యలో చిన్నా చితకా పడటాలు చాలానే ఉన్నాయి. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒకసారి సైడ్ స్టాండు తియ్యటం మర్చిపోయి బయల్దేరాను. తిన్నగా వెళ్ళినంతసేపూ ఏమీ కాలేదు. ఎడమ వైపు తిరగ్గానే స్టాండు రోడ్డుకి తన్నుకుని, బండి ఎగిరి పక్కకి పడింది. సిరిమాను పండగ ముందు రోజులు, బజారంతా జనం. మోచేయి చీరుకుపోయిందన్న బాధ కంటే, చూసినవాళ్ళు నవ్వుతున్నారన్న బాధే ఎక్కువైంది. ఇప్పుడు వచ్చే చాలా బండ్లలో స్టాండు కిందికుంటే ఇంజను స్టార్ట్ కాదు. నా బండికి ఆ బుద్ధి లేదు కాబట్టి నేనే తెచ్చుకున్నాను. ఎక్కగానే ఎడమ మడమతో ఒకసారి స్టాండుని తడుముతాను. ఎత్తేసి ఉన్నా తడుముతాను.

గొడుగు సంగతి ఇంకాస్త భయం పెట్టింది. 2016 ఎండాకాలంలో ఒక ఆదివారం పెద్దమ్మని అరసవల్లి తీసుకెళ్తున్నాను. రాజాం నుంచి చిలకపాలెం వచ్చి హైవే ఎక్కాం. పెద్దమ్మ అందరిలాగే ఒక పక్కకి కాళ్ళు పెట్టి కూర్చుంది, ఒళ్ళో సంచీ. ఎచ్చెర్ల దాటాక ఎండ తట్టుకోలేక గొడుగు తెరిచింది. నాకు తెలీదు. తల మీద చల్లగా నీడ పడేసరికి సుఖంగానే అనిపించింది. అంతలో పక్కనుంచి ఓ పెద్ద లారీ దూసుకెళ్ళింది. ముందు దాని గాలి మమ్మల్ని బయటికి నెట్టింది, వెంటనే లోపలికి లాగింది. గొడుగు తామరాకులా వెనక్కి తిరగబడింది. దాన్ని పట్టుకోబోయి పెద్దమ్మ వాలింది, ఆమెతో పాటు బండి వాలింది, బండితో పాటు నేను తారు దిగి కంకర్లోకి వెళ్ళిపోయాను. ఎలా ఆగిందో నాకు తెలీదు. పడలేదు, అంతే. పెద్దమ్మ దిగి, చీర సర్దుకుని, "సూర్నారాయణ మూర్తి కాపాడాడు" అంది. దర్శనానికి బయల్దేరాం కదా, ఆ మాట కాదనలేకపోయాను. కానీ నిజం చెప్పాలంటే గొడుగు తెరిపించిందీ ఆ సూర్నారాయణమూర్తే.

అప్పట్నుంచి వెనక ఎవరెక్కినా ముందే రెండు మాటలు చెబుతాను: గొడుగు తెరవొద్దు, చీర కొంగో చున్నీయో ఒళ్ళోకి తీసి పెట్టుకోండి. బండి వెనక చక్రానికి సగం దాకా చీర చిక్కకుండా జాలీ ఉండాలని నిబంధనే ఉంది. చాలామంది కుర్రాళ్ళు బాగోలేదని మొదటి వారంలోనే దాన్ని విప్పించేస్తారు. ఆ బండి మీదే తర్వాత అమ్మో చెల్లెలో ఎక్కుతుందన్నది అప్పుడు గుర్తు రాదు.

ఇవన్నీ జరిగినా నేను బండి బాగానే నడుపుతాననే అనుకునేవాణ్ణి. పడ్డ ప్రతిసారీ ఒక కారణం దొరికేది. స్టాండు, గొడుగు, లారీ. నా చెయ్యి, నా కాలు ఏం చేస్తున్నాయో ఎప్పుడూ చూసుకోలేదు.

2019 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. నాది విజయనగరంలో ఉద్యోగం. బండి చీపురుపల్లి స్టేషన్ దగ్గర పెట్టి రైల్లో వెళ్ళి వస్తుండేవాణ్ణి. ఆ రోజు రైలు దిగేసరికి ఏడైంది, బాగా చీకటి పడిపోయింది. చలిగాలి కొడుతోంది, ఇంటికి పోవాలన్న తొందర. చీపురుపల్లి నుంచి రాజాం రోడ్డు నాకు నిద్రలో కూడా తెలుసు. ఎక్కడ గొయ్యి ఉందో, ఎక్కడ కుక్కలు వెంటపడతాయో అన్నీ తెలుసు. యాభైలో వెళ్తున్నాను. ఎదురుగా ఒక వ్యాను హెడ్‌లైటు పైకి పెట్టుకుని వచ్చింది. అది దాటిన క్షణం కళ్ళకి ఏమీ కనపడలేదు. తర్వాత కనపడింది రోడ్డుకి ఎడమ సగం మీద నల్లటి మచ్చ. కొత్తగా తారు వేసిన అతుకు అనుకున్నాను.

అది ఉలవచేను. పీకి తెచ్చిన మొక్కలు తీగలతో సహా రోడ్డు మీద పరిచారు. బస్సులూ లారీలూ ఎక్కి తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది, పశువుల్ని కట్టి తిప్పే పని తప్పుతుంది. మా దగ్గర ఉలవలూ, చోళ్ళూ (రాగులు), నువ్వులూ అన్నీ అలాగే నూరుస్తారు. చుట్టూ బండ్లు పక్కకి వెళ్ళకుండా రాళ్ళు పెడతారు. నాకు ముందు ఆ రాయి కనపడింది. రాయిని తప్పించటానికి హ్యాండిల్ కుడికి తిప్పాను. తిప్పుతూనే రెండు బ్రేకులూ బలమంతా పెట్టి పట్టేశాను. ముందు చక్రం ఎండిన తీగల మీద, గింజల మీద ఉంది. గోళీల మీద కాలు పెట్టినట్టు అయింది. బండి ఎడమకి పడిపోయిన సంగతి నాకు తెలిసేలోపు ఎడమ భుజం రోడ్డుకి కొట్టుకుంది.

హెల్మెట్ ఉంది. ఇది చెప్పుకోవటానికి సిగ్గు, కానీ చెప్పాలి. గెడ్డం కింద క్లిప్పు పెట్టుకోలేదు. చీపురుపల్లిలో బయల్దేరేటప్పుడు ఫోన్ మోగితే, మాట్లాడేసి పెడదాంలే అనుకుని వదిలేశాను. మొదటి దెబ్బకే అది ఊడి పొలంలోకి వెళ్ళిపోయింది. తర్వాత నుదురు నేలకి తగిలింది. నాలుగు కుట్లు. హెల్మెట్ అంటే పట్టీతో తలకి గట్టిగా బిగించినదే అని చట్టంలో కూడా రాసి ఉంది. పట్టీ లేకపోతే అది నెత్తిన బోర్లించిన గిన్నె.

కల్లం దగ్గర మంట వేసుకుని కూర్చున్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒక ముసలమ్మ నా మొహం మీద రక్తం చూసి గుండెలు బాదుకుంది. "ఏ ఊరు బాబూ? ఎవులబ్బాయివి?" అని అడుగుతోంది. నేను చెప్తుంటే ఆమె మళ్ళీ, "ఉలవల మీద బ్రేకేత్తావేటి బాబూ, అలగెల్లిపోవాల గానీ" అంది. ఆ స్థితిలో కూడా నాకు కోపమొచ్చింది. రోడ్డు మీద పంట పరిచి, పైగా నాకు పాఠాలా అనుకున్నాను. ఆ మాట ఎంత నిజమో అర్థం కావటానికి దాదాపు మూడు నెలలు పట్టింది.

నన్ను లేపి కూర్చోబెట్టబోతుంటే ఒక ఆటో అతను ఆపి, మెడ కదలనివ్వొద్దని చెప్పి, 108కి ఫోన్ చేశాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆ ఉలవల మీదే పడుకున్నాను. పైన చుక్కలు, చుట్టూ పది మొహాలు. భుజం నొప్పి కంటే బండి ఏమైందన్న టెన్షన్ ఎక్కువగా ఉంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎడమ కాలర్ బోన్ విరిగింది. ఎముక పెద్దగా పక్కకి జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. రెండు భుజాల మీదుగా వీపు మీద ముడిపడేలా ఒక పట్టీ వేశారు. దాని పేరు అడిగితే, ఎనిమిది అంకెలా ఉంటుంది కదా, ఆ పేరే అన్నారు. లైసెన్సు కోసం వేసిన ఎనిమిది తర్వాత నా జీవితంలో అది రెండో ఎనిమిది. ఆరు వారాలు దానితోనే. వెల్లకిలా తప్ప పడుకోకూడదు, చొక్కా ఇంకొకరు తొడగాలి. మొదటి పది రోజులు తుమ్మొస్తే చాలు ప్రాణం పోయినట్టుండేది.

రోడ్డు ప్రమాదం కాబట్టి ఆసుపత్రి నుంచి స్టేషన్‌కి కబురు వెళ్ళింది. మర్నాడు కానిస్టేబుల్ వచ్చి ఎలా జరిగిందో రాసుకున్నాడు. ఎవరి మీదైనా ఫిర్యాదు ఇస్తారా అని అడిగాడు. ఒక్క నిమిషం ఆలోచించాను. రోడ్డు మీద పంట వేయటం తప్పే, అందులో అనుమానం లేదు. కానీ మా ఇంట్లో నాన్న బతికున్నప్పుడు మేమూ వేశాం. రాళ్ళు మోసింది నేనే. చీకటి పడ్డాక రాళ్ళు తీసేయాలన్న ఆలోచన మాకూ ఎప్పుడూ రాలేదు. ఎవరూ లేరని చెప్పి పంపించేశాను.

ఇన్సూరెన్సు మాట చెప్పాలి, ఎందుకంటే నాలాగే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఏటా డబ్బు కడుతున్నాను, కాగితం పెట్టెలో ఉంది, బండి ఖర్చు వాళ్ళే ఇస్తారనుకున్నాను. తీసి చూస్తే అది థర్డ్ పార్టీ. నా బండి వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే వాళ్ళకి వస్తుంది, నా బండికి పైసా రాదు. అందులో యజమానికి ఉండే ప్రమాద బీమా కూడా చావుకో, శాశ్వత వైకల్యానికో తప్ప, ఆరు వారాల్లో అతుక్కునే ఎముకకి కాదు. పోలీసులు పట్టుకుంటే చూపించటానికి కొన్న కాగితం అది. నేను అంతకంటే ఎక్కువ ఎప్పుడూ చదవలేదు. దాని తప్పు కాదు.

నాలుగో రోజు ఆ ఉలవల రైతూ, ఆయన భార్యా, ఆ ముసలమ్మా ఆటో కట్టించుకుని మా ఇంటికి వచ్చారు. పొలంలో దొరికిన నా హెల్మెట్ తుడిచి తెచ్చారు. కుంచెడు ఉలవలు కూడా తెచ్చారు. ఆయన కుర్చీలో కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడి నేల చూస్తున్నాడు. అమ్మ వాళ్ళకి టీ ఇచ్చింది. వాళ్ళు వెళ్ళాక ఆ వారమంతా మా ఇంట్లో ఉలవచారే. నన్ను పడేసిన ఉలవల్ని నేను అన్నంలో కలుపుకు తిన్నాను. బాగుంది కూడా.

అసలు సంగతి బయటపడింది మెకానిక్ షెడ్డులో. రాజాంలో నాకు ఎప్పట్నుంచో తెలిసిన మెకానిక్ ఆయన. ఫోర్కు వంకర పోయింది, డూము పగిలింది, ఎడమ ఫుట్‌రెస్టు వంగిపోయింది. పనిలో పనిగా రెండు చక్రాలూ విప్పి బ్రేకులు చూశాడు. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు షూలు రెండు జతలు నా ముందు నేల మీద పెట్టాడు. వెనకవి అరిగి రేకు తేలిపోయాయి. ముందువి కొత్తగా ఉన్నాయి.

"ఇవి ఎప్పుడు మార్చాను నీకు?"

"మార్చలేదన్నా. కొన్నప్పట్నుంచీ అవే."

"మరి ముందు బ్రేకు వాడవేటి?"

వాడను. ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతావని చిన్నప్పుడు ఎవరో అన్నారు, అంతే. ఆ అన్నదెవరో కూడా గుర్తు లేదు. పన్నెండేళ్ళు కాలితోనే బండి ఆపాను. ఎప్పుడూ వాడని ఆ చెయ్యి, భయం వేసిన ఒక్క క్షణంలో మాత్రం తనంతట తనే బిగుసుకుంది. అదీ ఉలవల మీద, హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు. ముందు బ్రేకు వాడకూడని చోటు ఏదైనా ఉందంటే అదే.

మార్చి నెలాఖరుకి డాక్టరు బండి ఎక్కవచ్చన్నారు. ఎక్కలేకపోయాను. ఎక్కితే కాళ్ళు వణికేవి, ఎదురుగా లైటు కనపడితే రోడ్డు దిగిపోయేవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున్నే మెకానిక్ అన్న నన్ను కాలేజీ గ్రౌండుకి రమ్మన్నాడు. అక్కడ పక్కనే సిమెంటు రోడ్డు ముక్క ఒకటి ఖాళీగా ఉంటుంది. ఇటుకరాయితో గీత గీశాడు. "గీత దాకా నలభైలో రా. గీత మీద వెనక బ్రేకు ఒక్కటే వెయ్. ఎక్కడాగుతావో చూద్దాం."

ఆగాక గీత నుంచి నడిచి నా అడుగులు లెక్కపెట్టాం. ఇరవై ఆరు. వెనక చక్రం కాస్త జారింది కూడా. తర్వాత రెండు బ్రేకులూ కలిపి. మొదటిసారి చెయ్యి రాలేదు. చెయ్యి అక్కడే ఉంది, వేళ్ళు ముడుచుకోవటం లేదు. "పీకకు. నిమ్మకాయ పిండినట్టు పిండు. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా" అన్నాడు. ఐదో సారికి వచ్చింది. పదిహేను అడుగులు. నేను నమ్మలేక మళ్ళీ కొలిచాను. పదకొండు అడుగుల రోడ్డుని ఇన్నేళ్ళూ ఊరికే పారేసుకున్నాను.

బ్రేకు వేయగానే మన బరువంతా ముందుకి తూగుతుంది. వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత బిగిస్తే అంత జారుతుంది తప్ప ఆగదు. బరువు ఎక్కిన ముందు చక్రమే ఆపాలి. అన్న ఇదంతా చెప్పలేదు. ముందు ఫోర్కు కిందికి దిగటం చూపించి "బరువు ఎటెళ్ళిందో సూడు" అన్నాడంతే. ఇరవైలో వస్తే ఎంతలో ఆగుతానో కూడా కొలిచాం. నలభైలో పట్టే దూరంలో సగం ఉంటుందనుకున్నాను, పావు వంతే ఉంది. స్పీడు రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలవుతుందని ఇంటర్ ఫిజిక్స్‌లో చదివి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా కొత్త బండ్లన్నిటికీ చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ అయినా, రెండు బ్రేకులు కలిసి పడే ఏర్పాటైనా తప్పనిసరి చేశారు. వెనకది తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. నాలాంటి వాళ్ళు దేశమంతా ఉన్నారని వాళ్ళకి ముందే తెలుసన్నమాట.

రెండో ఆదివారం చెరువుగట్టు మీద, వదులు మట్టిలో. గోగు రోజులు కావు, అదృష్టం. ఇక్కడ అన్న చెప్పిందంతా తారుమారు. ముందు బ్రేకు ముట్టుకోకు. హ్యాండిల్ తిప్పకు. ఎక్స్‌లేటర్ మూసెయ్, బండిని నిట్టనిలువుగా ఉంచి అలా పోనీ, వెనక బ్రేకు చిన్నగా. తగ్గాల్సిందేదో మట్టి మీదకి రాకముందే తగ్గు. "అలగెల్లిపోవాల గానీ" అన్న ముసలమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆమె ఏ బండీ నడిపి ఉండదు. కానీ ఏళ్ళ తరబడి ఆ రోడ్డు పక్కన కూర్చుని, ఎవరు పడతారో ఎవరు పడరో చూసింది.

వేపచెట్టు మలుపు దగ్గర మళ్ళీ నా కళ్ళు చెట్టు మీదకే వెళ్ళాయి. "సెట్టుని సూడకు, తోవని సూడు" అని అరిచాడు అన్న. చూసినవైపే బండి పోతుంది. ఎచ్చెర్ల దగ్గర నేను కంకరనే చూశాను, రాజాం రోడ్డులో రాయినే చూశాను.

నా సరదాకి ఇంకోటి చేశాను. ఒక రాత్రి ఖాళీ రోడ్డు మీద గోనెసంచి పరిచి, బండి లైటు డిమ్‌లో పెట్టి, అది ఎంత దూరం నుంచి కనపడుతుందో చూశాను. నడిచి కొలిస్తే నలభై అడుగులు. యాభైలో వెళ్తుంటే సెకనుకి పద్నాలుగు మీటర్లు, అంటే నా నడకలో ఇరవై అడుగులు. చూసి, అదేమిటో అర్థమై, చెయ్యి కదలటానికే ఆ సెకను అయిపోతుంది. మిగిలిన ఇరవై అడుగుల్లో, పొడి తారు మీద, రెండు బ్రేకులతో కూడా బండి ఆగదు. అంటే ఆ రాత్రి నేను ఉలవల్ని చూసేసరికే ఆలస్యమైపోయింది. ఇప్పుడు చీకటి పడ్డాక నాది నలభై. వెనకాల కుర్రాళ్ళు హారన్ కొట్టి తిట్టుకుంటూ దాటిపోతారు. పోనీ.

అన్నీ నేర్చేసుకున్నానని కాదు. నిరుడు తొలకరి వానకి మా వాకిట్లోనే, బండి స్టాండు వేస్తూ, పేడ మీద కాలు జారి బండి కింద పడ్డాను. స్పీడు సున్నా. అమ్మ కిటికీలోంచి చూసి, లోపలికి వెళ్ళిపోయి నవ్వింది.

మొన్న సంక్రాంతి తర్వాత మళ్ళీ అదే చోట ఉలవలు పరిచారు. సాయంత్రం ఐదు, ఇంకా వెలుగుంది. దూరం నుంచే కనపడింది. గేరు తగ్గించాను, ఇరవైకి వచ్చాను, హ్యాండిల్ తిన్నగా పెట్టి, బ్రేకు ముట్టుకోకుండా, ఆ చివర రోడ్డుని చూస్తూ ఎక్కించాను. చక్రాల కింద కాయలు చిటపటమన్నాయి. దాటేశాను. ఒంట్లో వణుకు లేదు. వెనకనుంచి ఎవరో కేకేశారు. ఆగి చూస్తే ఆ రైతే. గుర్తుపట్టి నవ్వుతున్నాడు.

"బాగా తొక్కావు బాబూ. ఇంకో రెండుసార్లు అటూ ఇటూ తిరిగెల్లు. ఆ చివర గింజ ఇంకా రాల్లేదు."

బండి తిప్పాను.